స్టెరాయిడ్ చుక్కల ఆరు వారాలు: శుక్లం ఆపరేషన్ తర్వాత ఒక కేసు

శుక్లం ఆపరేషన్ అనగానే విశాఖలో నా దగ్గరికి వచ్చేవాళ్ళు మొదట అడిగేది లెన్స్ గురించి. ఇండియన్‌దా, ఫారిన్‌దా, ఎన్నేళ్ళు మన్నుతుంది, కళ్ళద్దాలు పోతాయా అంటారు. చుక్కల మందు గురించి అడిగేవాళ్ళు చాలా తక్కువ. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "అదంతా మెడికల్ షాపు అబ్బాయి చెబుతాడులెండి" అని లేచి వెళ్ళిపోతారు. ఆపరేషన్ పావుగంటలో, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. కన్ను లోపలి వాపు తగ్గి స్థిమితపడటానికి మాత్రం ఐదారు వారాలు పడుతుంది. ఆ రోజులన్నీ కన్ను ఇంట్లోవాళ్ళ చేతిలోనే ఉంటుంది.

ఆ ఐదారు వారాల్లో రెండు విధాలా ఇబ్బంది పడిన ఒకామె కేసు ఇది. మొదట స్టెరాయిడ్ చుక్కలు మధ్యలో ఆగిపోయి కన్ను మళ్ళీ వాచింది. తర్వాత అవే చుక్కలు కంటి ప్రెజర్ పెంచాయి. రెండూ ఒకే కంటిలో, నెలన్నరలోపే జరిగాయి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టేలాంటి వివరాలు మార్చాను.

ఆపరేషన్‌కి ముందు

ఆమె వయసు 64. మాధవధార వైపు కొడుకు, కోడలితో కలిసి టిఫిన్ బండి నడుపుతారు. షుగరు వచ్చి తొమ్మిదేళ్ళయింది, మాత్రలతో ఒక మోస్తరు అదుపులో ఉంది. చలికాలంలో ఆయాసం వస్తే ఇన్‌హేలర్ పీలుస్తారు. ఈ ఆయాసం సంగతి తర్వాత మందు ఎంచుకోవడంలో అడ్డొచ్చింది, అందుకే ఇక్కడే చెబుతున్నాను.

కుడికంటి చూపు 6/60, ఎడమకంటి చూపు 6/18. 6/6 అంటే మామూలు చూపు, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు. కుడికంట్లో శుక్లం బాగా ముదిరి, గట్టిపడి, గోధుమరంగుకి తిరిగింది. "పెనం మీద దోసె కాలిందో లేదో కూడా తెలవడం లేదు బాబూ" అన్నారు. కంటి ప్రెజర్ కుడివైపు 16, ఎడమవైపు 17 మిల్లీమీటర్లు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటే సరే అంటాం. చూపు నరం రెండు కళ్ళలోనూ బాగానే ఉంది. షుగరు రెటీనా దాకా ఇంకా పోలేదు. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు, అంటే గ్లకోమా ఉందా అని అడిగితే లేదన్నారు.

ఆపరేషన్ ఫేకో పద్ధతిలో, అంటే అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని పగలగొట్టి తీసేలా చేశాం. చుక్కలు ఎన్నిసార్లు వేసినా కనుపాప సరిగ్గా విచ్చుకోలేదు. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవాళ్ళలో ఇది తరచూ చూస్తాం. చిన్న రింగు పెట్టి కనుపాపను తెరవాల్సి వచ్చింది. శుక్లం గట్టిది కావడంతో అల్ట్రాసౌండ్ శక్తి కూడా ఎక్కువే పట్టింది. మడతపెట్టే లెన్స్‌ను దాని సంచిలోనే కూర్చోబెట్టి, చివర్లో కంటి లోపలికి మాక్సిఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి ముగించాం. ఎక్కడా చిరుగు లేదు, శుక్లం ముక్కేదీ మిగల్లేదు. ఆపరేషన్ చక్కగానే జరిగింది. అయినా ఐరిస్‌ను, అంటే కనుపాప చుట్టూ ఉండే రంగు పొరను, అంతసేపు తాకినప్పుడు, గట్టి శుక్లాన్ని పగలగొట్టినప్పుడు ఆ కన్ను మిగతా కళ్ళకంటే ఎక్కువ వాస్తుంది. ముందే ఊహించి చుక్కలు రాయాలి.

వాపు ఎందుకు, స్టెరాయిడ్ చేసేదేమిటి

కంటిలో రక్తానికీ, కంటి ముందు గదిలో ఉండే తేటనీటికీ మధ్య గట్టి అడ్డు ఉంటుంది. ఐరిస్‌లోనూ దాని వెనకున్న సిలియరీ బాడీలోనూ ఉండే కణాలు, రక్తనాళాలు కలిసి ఆ అడ్డును నిలబెడతాయి. ఆపరేషన్‌లో కణాలు దెబ్బతిన్నప్పుడు వాటి పొరల నుంచి అరాకిడోనిక్ యాసిడ్ విడుదలవుతుంది. దాని నుంచి ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రయీన్లు తయారవుతాయి. అడ్డు సడలి ప్రొటీన్లు, తెల్లకణాలు ఆ తేటనీటిలోకి దిగుతాయి.

కన్ను చూసే మైక్రోస్కోపు, స్లిట్ ల్యాంప్, కాంతిని ఒక మిల్లీమీటరు వెడల్పు, ఒక మిల్లీమీటరు ఎత్తుకు కుదించి, గది చీకటి చేసి, పక్కనుంచి ముందు గదిలోకి పంపితే అదంతా కళ్ళకు కనిపిస్తుంది. ప్రొటీన్ వల్ల కాంతి దారి మసకగా, పొగపట్టినట్టు ఉంటుంది. అందులో తెల్లకణాలు ఒక్కొక్కటిగా తేలుతుంటాయి. ఐరిస్ దగ్గర నీరు వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ పైకి లేస్తాయి, కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా, దగ్గర కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ కిందికి దిగుతాయి. కాసేపు కదలకుండా చూస్తే ఈ తిరుగుడు తెలుస్తుంది. ఎన్ని కనిపిస్తే ఎంత తీవ్రత అనేదానికి 2005లో ఒప్పుకున్న లెక్క ఉంది: 1 నుంచి 5 కణాలైతే అర ప్లస్, 6 నుంచి 15 అయితే ఒక ప్లస్, 16 నుంచి 25 అయితే రెండు, 26 నుంచి 50 అయితే మూడు, ఆపైన నాలుగు.

స్టెరాయిడ్ ఈ గొలుసును మొదట్లోనే ఆపుతుంది. అరాకిడోనిక్ యాసిడ్‌ను విడుదల చేసే ఫాస్ఫోలైపేజ్ ఎంజైమునే అణచడంతో ప్రోస్టాగ్లాండిన్లూ తగ్గుతాయి, ల్యూకోట్రయీన్లూ తగ్గుతాయి. నెపాఫినాక్, కెటోరోలాక్, బ్రామ్‌ఫినాక్ లాంటి నాన్ స్టెరాయిడ్ చుక్కలు ఒక మెట్టు కింద పనిచేస్తాయి, ప్రోస్టాగ్లాండిన్ల వరకే ఆపుతాయి. రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో నీరు చేరకుండా ఉండటానికి, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్ళకి, వీటిని స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తాం. ఆ మాక్యులా వాపు ఎక్కువగా ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య బయటపడుతుంది. చూపు బాగా వచ్చి మళ్ళీ మసకబారిందని వచ్చేవాళ్ళలో మేం మొదట వెతికే కారణాల్లో ఇదొకటి.

స్టెరాయిడ్లలోనూ రకాలున్నాయి. మన దగ్గర ఎక్కువగా రాసేది ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ 1 శాతం. డెక్సామెథసోన్ 0.1 శాతం చవక, చాలాసార్లు యాంటీబయాటిక్‌తో కలిపిన సీసాలో వస్తుంది. డైఫ్లుప్రెడ్నేట్ 0.05 శాతం వీటన్నిటికంటే బలమైనది, తక్కువసార్లు వేస్తే చాలు, కానీ ప్రెజర్ విషయంలో దానితో మరింత జాగ్రత్త కావాలి. లోటెప్రెడ్నాల్ 0.5 శాతం కాస్త మెత్తనిది. పని చేశాక కంటిలోని ఎంజైములే దాన్ని పనికిరాని పదార్థంగా మార్చేస్తాయి, అందువల్ల ప్రెజర్ పెంచే గుణం తక్కువ. ఏది మంచిదని అడిగితే కన్నును చూసే చెబుతాను. ఐరిస్ జోలికి పోకుండా సాఫీగా జరిగిన మామూలు ఆపరేషన్‌కి లోటెప్రెడ్నాల్ సరిపోతుంది. ఈమెలాంటి కంటికి మొదటి రోజుల్లో బలమైన మందు కావాలి.

ఆమెకు ప్రెడ్నిసొలోన్ మొదటి మూడు రోజులు మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి, ఆ వారం మిగిలిన రోజులు రోజుకి ఆరుసార్లు, తర్వాత ప్రతి వారం రోజుకి ఒక్కోసారి చొప్పున తగ్గించుకుంటూ రమ్మని రాశాను. నెపాఫినాక్ రోజుకి మూడుసార్లు ఆరు వారాలు. మాక్సిఫ్లాక్ససిన్ రెండు వారాలు. కట్టు విప్పిన మర్నాడు కణాలు రెండు ప్లస్, ప్రెజర్ 18. వారం రోజులకి కణాలు ఒక ప్లస్‌కి దిగాయి, చూపు 6/9 వచ్చింది. ఆమె ఆనందం అంతా ఇంతా కాదు.

గిరి ప్రదక్షిణ రాత్రి

అది ఆషాఢ మాసం. చతుర్దశి నాడు కొండ కింద తొలి మెట్టు, తొలిపావంచా, దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి పౌర్ణమికి అప్పన్నను దర్శించుకునే జనంతో ఊరంతా నిండిపోతుంది. మాధవధార ఆ దారిలోనే ఉంది. ఆమె నడవలేదు, నడవొద్దన్న మాట విన్నారు. కానీ ఏటా చేసినట్టే రాత్రంతా దారిపక్కన నిలబడి భక్తులకు మజ్జిగ, పులిహోర పంచారు. చుక్కల సంచి ఇంట్లో ఉండిపోయింది. మర్నాడంతా నిద్ర. ఆ తర్వాతి రోజు అద్దంలో చూసుకుంటే కన్ను తెల్లగా ఉంది, చూపు బాగుంది. ఇక వేయలేదు.

ఆపరేషన్ అయిన పదిహేడో రోజు కొడుకు తీసుకొచ్చాడు. రెండు రోజులుగా కన్ను సలుపుతోంది, ఎండలోకి వస్తే తెరవలేకపోతున్నారు, చూపు తగ్గింది. నేను అడగకముందే ఆమే చెప్పారు: "ఎరుపు పోనాది కదా బాబూ, ఇంకేటి సుక్కలు అనుకున్నాను. పైగా స్టెరాయిడంట, షుగరు పెరిగిపోతాదని పక్కింటావిడ అన్నాది."

ఈ భయం నేను తరచూ వింటాను. నోటి మాత్రలతో, ఇంజెక్షన్లతో షుగరు పెరుగుతుంది, నిజమే. కంట్లో వేసే చుక్క వల్ల ఒంట్లోకి పోయే మందు ఎంతో కొద్ది, మామూలుగా షుగరు మీద తేడా కనిపించదు. స్టెరాయిడ్ అనే మాట వినగానే టెన్షన్ పడి మానేసే ఇళ్ళలో ఆ మాట మనం ముందే విడమరచి చెప్పి ఉండటం మేలు.

చూపు 6/18కి పడిపోయింది. నల్లగుడ్డు అంచు చుట్టూ గులాబీ రంగు వలయం. కణాలు మూడు ప్లస్. ప్రెజర్ 12, ముందుకన్నా తక్కువ. సిలియరీ బాడీ వాచినప్పుడు అది నీటిని తక్కువగా తయారుచేస్తుంది కాబట్టి ఇలా ప్రెజర్ పడిపోతుంది.

ఇలాంటప్పుడు స్టెరాయిడ్ సీసా తీయడానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఇది ఇన్ఫెక్షనా? కంటి లోపల క్రిములు చేరితే, అంటే ఎండాఫ్తల్మైటిస్ అయితే, ఉత్త స్టెరాయిడ్ వేసి ఇంటికి పంపడం కన్ను పోగొట్టడమే. అది ఎక్కువగా మొదటి వారంలో వస్తుంది కానీ ఆలస్యంగా రాకూడదనేం లేదు. నొప్పి, చూపు పడిపోవడం, రెప్పల వాపు, ముందు గది అడుగున తెల్లటి చీము పేరుకోవడం, కంటి వెనక భాగంలో ఉండే జెల్లీ, విట్రియస్, మసకబారడం దాని గుర్తులు. ఈమె కంటి వెనక భాగం చుక్కలు వేసి చూశాను, విట్రియస్ తేటగా ఉంది, రెటీనా స్పష్టంగా కనిపించింది. చీము లేదు, రెప్పలు మామూలుగా ఉన్నాయి. ప్రత్యేక లెన్స్‌తో ముందు గదిలో ఐరిస్, కార్నియా కలిసే మూల చూశాను, శుక్లం తునకేదైనా దాక్కుని ఉంటే అదీ ఇలాగే చిరాకు పెడుతుంది. ఏదీ లేదు. మందు ఠక్కున ఆగిపోవడం వల్ల తిరగబెట్టిన వాపు అని నిర్ధారించుకున్నాను. అయినా మర్నాడు తప్పక రమ్మన్నాను. స్టెరాయిడ్‌తో ఒక్కరోజులో మెరుగుపడాలి, పడకపోతే మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాలి.

సీసాలో అడుగున

చుక్కల సీసా తెచ్చారా అని అడిగాను. కోడలు సంచిలోంచి తీసి ఇచ్చింది. కిటికీ వైపు ఎత్తి చూస్తే పైన నీరు తేటగా ఉంది, అడుగున తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది. ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ నీటిలో కరగదు, పొడిగా తేలుతూ ఉంటుంది. ప్రతిసారీ బాగా ఊపి వేయాలి. ఊపకపోతే మొదటి రోజుల్లో కంట్లో పడేది చాలావరకు నీరే, మందు అడుగునే ఉండిపోతుంది. ఆమెకి ఊపాలని తెలియదు. మందు ఆగిపోకముందు కూడా ఆ కంటికి అందినది నేను రాసినంత కాదన్నమాట.

ఒక చుక్క నా ముందు వేసుకోండమ్మా అన్నాను. తల కొంచెం వెనక్కి వంచి, సీసాను జానెడు ఎత్తున పట్టుకుని నొక్కారు. ఒకటి బుగ్గ మీద పడింది, రెండోది రెప్ప వెంట్రుకల మీద, మూడోది కంట్లో. వెంటనే కళ్ళు రెండూ చికిలించి, చీర చెంగుతో తుడిచేసుకున్నారు.

ఆ రోజు ఓపీలో రద్దీగా ఉంది, అయినా అక్కడే కూర్చోబెట్టి నేర్పించాం. కంటికి పట్టేది మహా అయితే ముప్ఫై మైక్రోలీటర్లు, సీసాలోంచి పడే ఒక్క చుక్కే ముప్ఫై నుంచి యాభై ఉంటుంది. అందుకే ఒక చుక్క చాలు, రెండోది బుగ్గ మీదికే పోతుంది. కింది రెప్పను వేలితో లాగి ఆ జేబులో వేయాలి, సీసా మూతి తగలకూడదు. వేశాక మెల్లగా కళ్ళు మూసుకుని ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. అప్పుడు మందు ముక్కులోకి, గొంతులోకి జారిపోదు. రెండో మందు వేయాలంటే ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఇకనుంచి కోడలే వేయాలని ఒప్పందమైంది. మా సిస్టర్ స్టెరాయిడ్ సీసాకీ, అలాగే ఊపి వేయాల్సిన నెపాఫినాక్ సీసాకీ రబ్బరు బ్యాండ్ చుట్టి ఇచ్చింది, బ్యాండ్ ఉన్నదాన్ని ఊపాలి, లేనిదాన్ని అక్కర్లేదు. చదువు రానివాళ్ళకి, సీసాలన్నీ ఒకేలా కనిపించేవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే ఉపాయం నాకు దొరకలేదు. రోజుకి ఆరుసార్లకి దిగాక వేయాల్సిన వేళలు కూడా గంటల్లో రాయలేదు: లేవగానే, బండి పెట్టేముందు, బండి కట్టేశాక, భోజనమయ్యాక, సాయంత్రం టీ వేళ, పడుకునేముందు అని రాశాం.

ఎందుకు వారం వారం తగ్గించాలో ఆమెకి ఆమె పనిలోంచే చెప్పాను. పొయ్యి ఆర్పినా పెనం కాసేపు వేడిగానే ఉంటుంది కదా, ఎరుపు పోయినా లోపల ఆ వేడి ఉంటుంది అన్నాను. ఆమె నవ్వి, "అయితే సెయ్యి ఎట్టకూడదంటారు" అన్నారు.

ప్రెడ్నిసొలోన్ గంటకోసారి మొదలుపెట్టి, ఐరిస్ లెన్స్‌కి అతుక్కోకుండా కనుపాపను విప్పి ఉంచే హోమాట్రోపిన్ కలిపాను. మర్నాటికి సలుపు తగ్గింది. మూడో రోజుకి కణాలు ఒక ప్లస్. అక్కడి నుంచి మళ్ళీ మెట్లు మెట్లుగా తగ్గించే పని.

కనిపించని రెండో చిక్కు

మందు మళ్ళీ మొదలైన వారానికి ప్రెజర్ 19. మూడు వారాలకి వచ్చినప్పుడు కన్ను తెల్లగా, చూపు 6/9, కణాలు అర ప్లస్. నొప్పి లేదు, ఎరుపు లేదు, తలనొప్పి లేదు. ఆమె దృష్టిలో అంతా నయమైపోయింది. గాలి కొట్టే మిషన్‌లో ప్రెజర్ ఎక్కువ చూపిస్తే, నీలికాంతి టోనోమీటర్‌తో నేనే మళ్ళీ కొలిచాను. 32. ఎడమకన్ను 17, ఆపరేషన్‌కి ముందున్నంతే.

ఆపరేషన్ తర్వాత ప్రెజర్ పెరగడానికి కారణాలు చాలా ఉన్నాయి, వేళను బట్టి అవి మారుతాయి. మొదటి రోజే పెరిగితే ఆపరేషన్‌లో వాడి కంట్లో మిగిలిన జెల్ వల్ల. వాపు తీవ్రంగా ఉన్నప్పుడు పెరిగితే నీరు పోయే దారి వాచడం వల్లో, ఐరిస్ అతుక్కుపోవడం వల్లో. ఇక్కడ జెల్ ఎప్పుడో పోయింది, వాపు దాదాపు తగ్గింది, ముందు గదిలో నీరు పోయే మూల అంతా తెరిచే ఉంది. మందు వేయని కన్ను మామూలుగా ఉంది. వాపు తగ్గుతుంటే ప్రెజర్ పెరుగుతోందంటే మొదట అనుమానించాల్సింది చుక్కలనే.

కొందరి కళ్ళు స్టెరాయిడ్‌కి ఇలా స్పందిస్తాయి. కంటి నీరు బయటికి పోయే ట్రాబెక్యులర్ మెష్‌వర్క్‌లో చెత్తలాంటి పదార్థం పేరుకుని ఆ దారి బిగుసుకుంటుంది. 1960ల్లో బెకర్, ఆర్మలీ అనే ఇద్దరు వైద్యులు మామూలు కళ్ళలో వారాల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేసి చూశారు. దాదాపు మూడో వంతు మందిలో ప్రెజర్ ఓ మోస్తరుగా పెరిగింది, నూటికి నలుగురైదుగురిలో 15 మిల్లీమీటర్లకు మించి పెరిగింది. ఈమెకి 16 నుంచి 32. ఆ చివరి గుంపులోకే వస్తారు. గ్లకోమా ఉన్నవాళ్ళలో, వాళ్ళ తోబుట్టువుల్లో, పిల్లల్లో, షుగరు ఉన్నవాళ్ళలో, మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవాళ్ళలో ఈ గుణం ఎక్కువ. ఎక్కువమందిలో ఇది మందు మొదలైన రెండు నుంచి ఆరు వారాల మధ్య బయటపడుతుంది. మొదటి వారం ప్రెజర్ బాగుందని తేలిగ్గా తీసుకోకూడదు. ఈమె మొదటి వారం 19 చూసి సరేనని ఆరు వారాలకి రమ్మని ఉంటే ఆ మధ్య కాలమంతా నరం మీద ఒత్తిడి పడేది, ఆమెకి తెలిసేది కాదు.

ఇంటి చరిత్ర మళ్ళీ అడిగాను. ఈసారి కొడుకు చెప్పాడు, శ్రీకాకుళంలో ఉన్న మేనమామకి ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండో కంట్లో రోజూ రాత్రి ఏదో చుక్క వేసుకుంటాడు. వయసు మీదపడి పోయిందనే ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. ఆయన వాడే మందు పేరు ఫోన్లో కనుక్కుంటే గ్లకోమా మందే.

రెండింటి మధ్య

ఇప్పుడు ఎటు పోవాలి? స్టెరాయిడ్ ఉన్నపళంగా ఆపేస్తే మూడు వారాల క్రితం చూసిన వాపే మళ్ళీ రావచ్చు. అలాగే కొనసాగిస్తే ప్రెజర్. నేను ప్రెడ్నిసొలోన్ ఆపి దాని స్థానంలో లోటెప్రెడ్నాల్ రోజుకి నాలుగుసార్లు పెట్టాను. నెపాఫినాక్ అలాగే ఉంచాను, వాపు భారం కొంత అది మోస్తుంది. రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ తీస్తే మాక్యులాలో నీరు లేదు, నరం పొరలు పలచబడలేదు. ఇది పెద్ద ఊరట.

ప్రెజర్ తగ్గించే మందుల్లో చాలామంది ముందు రాసేది టిమోలాల్. ఆయాసం ఉన్నవాళ్ళకి అది వేయకూడదు. కంట్లో వేసిందే అయినా ముక్కు గుండా ఒంట్లోకి చేరి ఊపిరితిత్తుల్లో గొట్టాలను బిగిస్తుంది, ప్రాణం మీదికి తేగలదు. రాత్రిపూట ఒక్కసారి వేసే ప్రోస్టాగ్లాండిన్ రకం మందులు గ్లకోమాకి బ్రహ్మాండంగా పనిచేస్తాయి కానీ, ఆపరేషన్ అయిన కొత్తలో, అందులోనూ వాచిన షుగరు కంట్లో, మాక్యులా వాపు భయంతో వాటి జోలికి పోను. సల్ఫా మందులు పడకపోవడం ఏమీ లేదని అడిగి నిర్ధారించుకుని డార్జోలమైడ్ రోజుకి మూడుసార్లు, బ్రిమోనిడిన్ రెండుసార్లు రాశాను.

వారానికి 23, మరో వారానికి 18. కణాలు కనిపించడం మానేశాయి. ముందు బ్రిమోనిడిన్ ఆపాం, లోటెప్రెడ్నాల్‌ను నాలుగు వారాల్లో పూర్తిగా దించేశాం, చివరికి డార్జోలమైడ్ కూడా ఆపేశాం. ఏ మందూ లేకుండా ప్రెజర్ 16. అద్దాలతో చూపు 6/6.

ఇంతలో ఒక రోజు కోడలు మరో విషయం చెప్పింది. మిగిలిపోయిన ప్రెడ్నిసొలోన్ సీసాను పక్కింటి పిల్లాడి కళ్ళు ఎర్రబడి దురద పెడుతుంటే ఇద్దామనుకున్నారట. ఈ అలవాటు మన దగ్గర చాలా ఉంది. 2023 వర్షాకాలంలో కళ్ళకలక ఊరంతా పాకినప్పుడు చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు కొనుక్కుని వేసుకున్నవాళ్ళని చూశాం. ఎర్రకన్ను హెర్పిస్ వైరస్ వల్లో ఫంగస్ వల్లో వచ్చిందైతే స్టెరాయిడ్ దాన్ని కార్నియా లోతుల్లోకి తోస్తుంది. దురద తగ్గుతోంది కదా అని పిల్లలకి నెలల తరబడి వేస్తే నరం ఎండిపోయి చూపు పోతుంది, ఆ పోయిన చూపు తిరిగి రాదు. ఈ చుక్కలు చీటీ మీదే అమ్మాలన్న నిబంధన ఉంది. అది నిజంగా అమలు కావాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆపరేషన్‌కి వాడిన సీసా తెరిచి నెల దాటితే పారేయాలి, ఎవరికీ ఇవ్వకూడదు. ఆమె సీసా మా దగ్గరే చెత్తబుట్టలో పడింది.

రెండో కన్ను

సంక్రాంతి అయ్యాక ఎడమకంటి ఆపరేషన్. చుక్కలు సరిగ్గా వేసుకోలేని మనిషి కదా, ఆపరేషన్ అప్పుడే కంటి పక్కన ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి ఇచ్చేస్తే ఈ బాధ ఉండదు కదా అని మా జూనియర్ డాక్టర్ అడిగింది. మామూలు పేషెంటుకైతే అది మంచి ఆలోచనే. ఈమెకి కాదు. చుక్కను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలం, లోపల పెట్టిన మందును వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు, అది వారాలు, నెలలు పనిచేస్తూనే ఉంటుంది. స్టెరాయిడ్‌కి ప్రెజర్ పెరుగుతుందని ఒకసారి తెలిశాక ఆ దారి మూసుకున్నట్టే.

ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు నుంచే నెపాఫినాక్ మొదలుపెట్టాం. ఈ శుక్లం అంత గట్టిది కాదు, కనుపాప కూడా ఓ మోస్తరు విచ్చుకుంది, రింగు అవసరం పడలేదు. ఆపరేషన్ తర్వాత మొదటి నుంచీ లోటెప్రెడ్నాలే, నాలుగు వారాల్లో దించేలా. ప్రెజర్ వారానికి, రెండు వారాలకి, మూడు వారాలకి, ఐదు వారాలకి చూడాలని ఫైలు మీదే రాసుకున్నాం. మూడో వారం 20 దాకా వెళ్ళింది, మందు అక్కర్లేకుండానే 17కి దిగింది. వాపు ఎప్పుడూ ఒక ప్లస్ దాటలేదు. కోడలు ఒక్క పూట కూడా తప్పలేదు.

ఫైలు మీద ఎర్ర ఇంకుతో "స్టెరాయిడ్ రెస్పాండర్" అని రాసి, అదే మాట ఒక చిన్న కార్డు మీద రాసిచ్చాం. మోకాలి నొప్పికి ఇంజెక్షన్ చేసే డాక్టరుకైనా, చర్మానికి పూత మందు రాసే డాక్టరుకైనా అది చూపించమన్నాను. ఇన్‌హేలర్‌లోనూ స్టెరాయిడ్ ఉంది, దాన్ని ఆపకూడదు. ఊపిరితిత్తుల డాక్టరుకి ఉత్తరం రాసి, ప్రెజర్ ఆరు నెలలకోసారి మా దగ్గర చూసుకునేలా ఏర్పాటు చేశాం. కొడుకునీ కూతురినీ పిలిపించి చూశాను. కూతురికి బాగానే ఉంది. కొడుకు వయసు 41, ప్రెజర్ 20, చూపు నరంలో గుంట కాస్త పెద్దదిగా ఉంది. చుట్టుపక్కల చూపు ఎంతవరకు ఉందో చూసే ఫీల్డ్ టెస్టు మామూలుగా వచ్చింది. మందు ఇంకా అక్కర్లేదు, ఏడాదికోసారి చూపించుకోవాలి. వచ్చే పరీక్ష తేదీ వాళ్ళమ్మ కార్డు వెనకే రాసుకున్నాడు.